రెండు ఆరో నెలలు

తైనాన్
ఏప్రిల్ 9

అత్తా,

మన నాలుగో నియమం ప్రకారం ఈ ఉత్తరం రాస్తున్నాను. "కొత్త వెర్షన్ ఎప్పుడు విడుదల చేయాలన్నది కాగితం మీదే తేల్చుకోవాలి, చాటింగులో కాదు." నియమం పెట్టింది నువ్వే. పోయిన శీతాకాలం ఒక్క సాయంత్రంలో మన మధ్య రెండు వందల పద్నాలుగు సందేశాలు నడిచాయి. నూట తొంభై నీవి. మిగిలిన ఇరవై నాలుగూ నేను రాసి, పంపి, వెంటనే చెరిపేసినవి.

విషయానికి వస్తాను. యువెలావ్ మూడో వెర్షన్ ఇంకా సిద్ధం కాలేదు.

ముప్పై ఏళ్ళ కింద వాతావరణ కేంద్రంలో కూర్చుని ఇంగ్లిషు తేదీలను చాంద్రమాన తేదీలుగా మార్చే ఈ ప్రోగ్రాము నువ్వు రాసినప్పుడు, వాడేది నువ్వొక్కదానివే. పెళ్ళిళ్ళు కుదిర్చే ముసలి దేవుడి పేరు దానికి ఎందుకు పెట్టావో నువ్వు ఇప్పటికీ చెప్పలేదు. నాలుగేళ్ళ కింద నేను దాన్ని ఓపెన్ సోర్స్ చేశాను. అంటే ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడవచ్చు, ఎవరైనా తప్పు పట్టవచ్చు. మొదటి రెండింటి మీద నాకు అభ్యంతరం లేదు.

ఈ ఏడాది ఆరో నెల రెండుసార్లు వస్తుంది. ముందు మామూలు ఆరో నెల, దాని వెనకే అధిక ఆరో నెల. రెండో వెర్షన్‌కు ఆ సంగతి తెలియదు. నువ్వు చేత్తో కొట్టిన పట్టికలో ఈ ఏడాది వరసలో ఒక అంకె తప్పు. దాంతో ఆరు తర్వాత నేరుగా ఏడు, అంటే దయ్యాల నెల, వచ్చేస్తోంది. ఇది కనిపెట్టింది "ఎర్ర తాబేలు" అనే పేరుతో రాసే ఒక మనిషి. ఇది ఆయన పంతొమ్మిదో ఫిర్యాదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"గౌరవనీయులైన నిర్వాహకులకు వందనాలు. మీ ప్రోగ్రాము దయ్యాల నెలను ఒక నెల ముందే, జూలైలోనే తెస్తోంది. ఈ సంగతి దయ్యాలకు చెప్పారా? వినయంతో, ఎర్ర తాబేలు."

జవాబు రాయడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. "చూస్తాను" అని రాశాను.

పట్టిక తీసేసి, సూర్యచంద్రుల గమనం నుంచి నేరుగా లెక్కకట్టేలా మొత్తం తిరగరాస్తున్నాను. పూర్తయ్యాక ఒకేసారి విడుదల చేద్దాం. ముందస్తు వెర్షన్లు వద్దు. సగం కుట్టిన గౌను వేసుకుని వీధిలోకి వెళ్ళమంటే నువ్వు వెళ్తావేమో. నేను వెళ్ళను.

పెయ్-లిన్


మాగోంగ్
ఏప్రిల్ 15

పిల్లా,

ముందుగా ఒక మాట. అంకె తప్పు కొట్టింది నేను కాదు, పిల్లి. వాతావరణ కేంద్రంలో ఒక పిల్లి ఉండేది, బూడిద రంగుది. అది చచ్చిపోయి పాతికేళ్ళయింది కాబట్టి ఇక విచారణ అనవసరం.

రెండో మాట. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఆ మెతుకే ముందస్తు వెర్షన్. ఆల్ఫా అంటే వంటింట్లో నాలిక్కి అంటించుకునేది. బీటా అంటే పక్కింటికి గిన్నెలో పెట్టి పంపేది. ఆ తర్వాతే పంక్తి భోజనం. నువ్వేం చేస్తున్నావు? వంటింటి తలుపు గడియ పెట్టుకుని, కుండ మూత తియ్యకుండా, "అయ్యాక పిలుస్తాను" అంటున్నావు. మాడిపోయిన వాసన వీధిలోకి వచ్చేదాకా ఎవరికి తెలుస్తుంది?

మే నెలాఖరుకి ఏదో ఒకటి బయట పడాలి. ఎందుకో సగమే చెప్తాను. నాకు ఆరో నెల ఆరో తేదీతో పనుంది. రెండో ఆరో నెలలో, అధికంలో. ఆ తేదీ నాకూ ఇంకొందరికీ ఒకేలా తెలియాలి, ఒక్క రోజు తేడా రాకూడదు. నా పరువంతా దాని మీద ఉంది. వాళ్ళలో ఒక ముసలావిడ గోడ క్యాలెండరు నమ్మదు, నన్ను అసలే నమ్మదు, యువెలావ్‌ని మాత్రం నమ్ముతుంది. ఇంతకు మించి అడక్కు.

కాక్టస్ పళ్ళు ఈసారి బాగా కాశాయి. రోజంతా దుకాణంలో వాటి రసం తీసి ఐసు చేస్తున్నాను. చేతులు మోచేతుల దాకా గులాబీ రంగులో ఉన్నాయి. నిన్న ఒక టూరిస్టు నన్ను చూసి "అయ్యో, డాక్టరుకి చూపించారా?" అంది. "చూపించాను, రెండు కప్పులు తిని వెళ్ళాడు" అన్నాను.

ఇంతకీ ఆ ఎర్ర తాబేలు. ఆ మనిషి ఎలాంటివాడనిపిస్తాడు నీకు? ఊరికే అడుగుతున్నా.

బీ-హా అత్త


తైనాన్
ఏప్రిల్ 26

అత్తా,

ఎర్ర తాబేలు గురించి అడిగావు. చాలా జాగ్రత్త మనిషి. లెక్కలు రెండుసార్లు సరిచూసుకుంటాడు. ఎవరినీ నొప్పించడు, అందుకే ఆయనంటే నాకు ఎక్కువ భయం. బహుశా కాలేజీ విద్యార్థి. పోయిన వారం ఇరవయ్యో ఫిర్యాదు వచ్చింది: "గతంలో ఒక అధికమాసంలో మీ లెక్క నమ్మి ఒకే దేవుడి పుట్టినరోజుకు రెండుసార్లు, మూడేసి వందల చొప్పున పిండివంట చేశాను. దేవుడు ఒక్కసారే పుట్టాడు. మిగిలినవి మేమే తిన్నాం." విద్యార్థి పిండివంట ఎందుకు చేస్తాడో అర్థం కాలేదు. అడగలేదు.

విడుదల సంగతి నాకు నేనుగా తేల్చుకోలేక గుడికి వెళ్ళాను. ఆదివారం జనం ఉంటారని మంగళవారం సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. రెండు నెలవంక చెక్కలు చేతుల్లోకి తీసుకుని, "మే నెలలో ముందస్తు వెర్షన్ బయట పెట్టనా?" అని అడిగి నేల మీద వేశాను. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనని. రెండూ బోర్లా పడితే వద్దని. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే దేవుడు నవ్వుతున్నాడని.

మళ్ళీ వేశాను. మళ్ళీ నవ్వాడు.

ఏడుసార్లు వేశాను. ఏడుసార్లూ నవ్వాడు. పక్కన ధూపం వెలిగిస్తున్న ఒక పెద్దావిడ, "ఏమడిగావమ్మా అంతలా?" అంది. "సాఫ్ట్‌వేర్ గురించి" అన్నాను. ఆవిడ కూడా నవ్వింది.

కాబట్టి ఇంకో నెల ఆగుదాం. నీ పరువు సంగతి అడగవద్దన్నావు, అడగటం లేదు. కానీ రెండు రోజులుగా నిద్రలో కూడా అదే ఆలోచన. ఐసు దుకాణానికి ఏమైనా ఇబ్బందా?

పెయ్-లిన్


మాగోంగ్
మే 3

పిల్లా,

దేవుడు నవ్వక ఏం చేస్తాడు? ఆయన పనేమిటి? పెళ్ళిళ్ళు, పిల్లలు, జబ్బులు. నువ్వెళ్ళి "స్వామీ, ఆల్ఫా పెట్టనా, బీటా పెట్టనా" అంటే ఆయన పక్కనున్న దేవుణ్ణి పిలిచి మరీ నవ్వి ఉంటాడు. ఏడుసార్లు అడిగావంటే ఆ రోజు గుళ్ళో వాళ్ళందరికీ పండగే.

ఇంకో నెల ఇవ్వను. ఐదో నెల మొదటి తేదీ, అంటే మే ఇరవై ఏడు. ఆ రోజు బయట పెట్టాలి. ఎందుకంటే లెక్క చూడు. అధిక ఆరో నెల అయిపోతే వచ్చేది దయ్యాల నెల. ఆ నెలలో పెళ్ళి చెయ్యరు, గృహప్రవేశం చెయ్యరు, బుద్ధున్నవాడెవడూ కొత్త వెర్షన్ విడుదల చెయ్యడు. దానికి ముందు మూడు నెలలైనా జనం వాడి, తప్పులు చూపించి, నువ్వు దిద్దాలి. వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ రా, మే ఇరవై ఏడు దగ్గరే ఆగుతావు.

నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తాను. పాస్‌వర్డు నా దగ్గరా ఉంది. ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టుకున్నాను. టూరిస్టులు అది మెనూలో ఐటమనుకుని అడుగుతున్నారు కూడా.

దుకాణానికి ఏ ఇబ్బందీ లేదు. నిద్రపో.

అత్త


తైనాన్
మే 28

అత్తా,

నువ్వు చెప్పిన తేదీనే బయట పెట్టాను. నిన్న మధ్యాహ్నం, భోజన విరామంలో.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మా లైబ్రరీలో పాత పటాల గదికి కొత్త ఫ్యాను వేశారు. అది తిరిగితే పదిహేడో శతాబ్దం మొత్తం ఎగురుతోంది. అందుకని ఆపి ఉంచుతున్నాం. ఐదో నెల పండక్కి నీ కోసం ఆకు పొట్లాల అన్నం కట్టాను, వేరుశనగ వేసినవి. నాలుగు విడిపోయాయి. మిగిలిన ఆరూ పార్సిలులో పంపుతున్నాను.

లెక్కలన్నీ సరిగ్గా వస్తున్నాయి. ఏడాది మొత్తాన్ని ఒక కాగితం మీద అచ్చువేసుకునే పట్టిక కూడా చేశాను. చాలా పొందికగా ఉంది. ఒక్కచోట మాత్రం ఒక అక్షరం గడి దాటి బయటికి పొడుచుకొస్తుంటే, చూడలేక దాన్ని ప్రస్తుతానికి తీసేశాను.

ఇప్పటికి ఒక్కరే దించుకున్నారు. అది నేనే అయి ఉంటాను.

పెయ్-లిన్


మాగోంగ్
జూన్ 24

పిల్లా, కుర్చీలో కూర్చుని చదువు.

నీకు పెళ్ళి శుభలేఖ నోటితో చెప్తున్నాను, కాదు, చేత్తో. పెళ్ళికూతురు నేను. యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళికొడుకుకి అరవై ఒకటి. పేరు వాన్-ఫూ. లుగాంగ్‌లో గుళ్ళకి తాబేలు ఆకారంలో ఎర్ర పిండివంటలు చేస్తాడు. ఇప్పుడు నీకు వెలిగిందా? నీ "కాలేజీ విద్యార్థి" ఆయనే.

మూడేళ్ళ కింద ఆయన మొదటి ఫిర్యాదు పెట్టాడు. నువ్వు పదకొండు రోజులు జవాబివ్వలేదు. పాపం ఎదురుచూస్తున్నాడని నేనిచ్చాను. ఆయన థాంక్స్ చెప్పాడు. నేను పరవాలేదన్నాను. ఆయన రెండో ఫిర్యాదు పెట్టాడు. పిల్లా, నిజం చెప్పనా? తొమ్మిది నుంచి పదమూడు దాకా ఉన్న ఫిర్యాదుల్లో అసలు తప్పులే లేవు. నువ్వు రెండు వారాలు కూర్చుని వెతికావు చూడు, అవి. క్షమించు.

ఆయన పెద్దక్కకి డెబ్బై ఏడు. తాబేళ్ళకి కళ్ళు పెట్టేది ఇప్పటికీ ఆవిడే. ఏప్రిల్లో నన్ను చూడ్డానికొచ్చినప్పుడు నేను ఆరో నెల అన్నానో లేదో, ఆవిడ సామెత అందుకుంది:

"ఆరో నెల పెళ్ళాం సగం ఏడాది పెళ్ళామే. మా తమ్ముడు అరవై ఏళ్ళు ఆగి సగం పెళ్ళాన్ని తెచ్చుకోవాలా?"

"వదినగారూ, ఈ ఏడాది ఆరో నెలలు రెండు. రెండు సగాలు కలిస్తే ఒకటి కాదా? అధికమాసంలో చేసుకుంటే నిండు పెళ్ళాన్నే అవుతాను."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "లెక్క సరిగ్గానే ఉంది" అంది, చేదు మందు తాగినట్టు. "రుజువు చూపించు. కాగితం మీద."

అందుకే తొందరపెట్టాను. ఆవిడకి మన యువెలావ్ మీద గురి. "మా తమ్ముడు ఇరవై సార్లు తప్పులు పట్టి బాగుచేయించిన వస్తువు" అంటుంది. నువ్వు బయట పెట్టిన రోజే వాన్-ఫూ దించుకుని, పట్టిక అచ్చువేసి, తాబేళ్ళ పొయ్యి పక్కన తగిలించాడు. ఇప్పుడు శుభలేఖలూ, చుట్టాలూ, మన దీవికి ఓడ టికెట్లూ అన్నీ పెద్దక్కే చూసుకుంటోంది, ఆ పట్టిక చూసే. వాన్-ఫూ వారం రోజులుగా ఇక్కడే ఉండి దుకాణానికి రంగు వేస్తున్నాడు.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే నువ్వు భయపడి అసలు విడుదలే ఆపేస్తావని. నిన్ను నేను ఎత్తుకుని పెంచాను. నాకు తెలుసు.

పెళ్ళి జూలై ముప్పై. ఫోను చెయ్యకు, మొన్న కాక్టస్ రసంలో పడింది. గులాబీ రంగు తిరిగింది, మోగటం లేదు.

సంతోషంగా ఉన్నాను. అది కూడా రాయాలనిపించింది.

అత్త


బుదాయ్ రేవు
జూన్ 30

అత్తా,

ఓడరేవులో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అయినా నా నోటితో, కాదు, నా చేత్తో నేను చెప్పుకోవాలి.

నేను బయట పెట్టింది బీటా కాదు. ఆల్ఫా. ఆల్ఫాలోనూ సున్నా నంబరు. ఎవరికీ ప్రకటించలేదు. ఏం మారిందో ఒక్క ముక్క రాయలేదు. ఎవరి కంటా పడకూడదనే ఆ పేరు పెట్టాను. నీకు "బయట పెట్టాను" అని మాత్రం రాశాను. అది అబద్ధం కాదు, అంతకన్నా చెడ్డది.

గడి దాటి పొడుచుకొస్తోందని నేను తీసేసిన అక్షరం ఉంది చూశావా, అది మన లిపిలో "అధిక" అనే ఒంటక్షరం గుర్తు. నా పట్టికలో ఆరో నెల రెండుసార్లు ఉంటుంది. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. చాలా పొందికగా.

నీ ఉత్తరం శనివారం అందింది. రెండుసార్లు చదివి, ప్రాజెక్టు పేజీలో నా పేరుతో మొట్టమొదటిసారి బహిరంగంగా ఒక ప్రకటన పెట్టాను: "ఈ ఆల్ఫాలో అధికమాసం గుర్తు లేదు. దయచేసి దీన్ని చూసి పెళ్ళిళ్ళు పెట్టుకోకండి." ఆ సాయంత్రానికి నూట ముప్పై మంది చూశారు. సగం మంది నవ్వే బొమ్మలు పెట్టారు. చూడాల్సిన ఒక్క మనిషి నీ దుకాణానికి రంగు వేస్తున్నాడు.

ఆదివారం నాకు డ్యూటీ. సోమవారం లైబ్రరీకి సెలవు కాబట్టి ఈ ఉదయం మొదటి బస్సుకి ఇక్కడికి వచ్చాను, ఓడెక్కి నీకు స్వయంగా చెబుదామని. టికెట్ల కిటికీలో మనిషి తల అడ్డంగా ఊపాడు.

"మొత్తం అయిపోయాయమ్మా. లుగాంగ్ పెళ్ళివాళ్ళు కొనేశారు. నలభై మూడు మంది."

"పెళ్ళి ఎప్పుడట?"

"ఇవాళే. అడుగు, వాళ్ళే చెప్తారు. రెండు గంటలుగా అందరికీ చెప్తూనే ఉన్నారు."

వెనక్కి తిరిగాను. రేవు నిండా వాళ్ళే. ఎర్ర టోపీలు, ఎర్ర సంచులు, ఒక డోలు. మధ్యలో పొట్టిగా, నిటారుగా ఒక పెద్దావిడ. నన్ను ఏమనుకుందో, చేతిలో పెట్టె పెట్టేసింది.

"అమ్మాయ్, ఇది పట్టుకో. నిలువుగా కాదు! తాబేళ్ళు తలకిందులైపోతాయి. ఖాళీ చేతుల్తో నిలబడ్డావు, పుణ్యం వస్తుందిలే."

పట్టుకున్నాను. పన్నెండు తాబేళ్ళు ఉంటాయి, వేడిగా ఉన్నాయి. నోరు తెరిచాను.

"పెళ్ళి... ఇవాళ కాదేమో..."

"ఇవాళే! ఆరో నెల ఆరో తేదీ. నాకు చదవడం రాదనుకున్నావా? అధికమాసం అధికమాసం అన్నారు. పట్టికంతా చూశాను, ఎక్కడుంది? ఒకే నెల రెండుసార్లు అచ్చయింది. ఆ రెండో ముక్కని నేనే కత్తెరతో కత్తిరించి పారేశాను. కాగితం దండగ."

అప్పుడే చెప్పాలి. ఆ పట్టిక నాదేనని, తప్పు నాదేనని. కాన్వెంటులో సిస్టర్లు నాకు పదేళ్ళపాటు నెమ్మదిగా మాట్లాడటం నేర్పారు. అరవడం నేర్పలేదు. ఆవిడ వెనక నడుస్తూ పెట్టెను ఓడ మెట్టు దాకా మోశాను. అక్కడ ఎవరో అందుకున్నారు. "సుఖంగా ఉండు" అంది ఆవిడ. డోలు మోగింది. ఓడ కదిలింది.

తర్వాతి ఓడ గాలి వల్ల రద్దు.

నీ నిండు పెళ్ళిని నేను సగం చేసేశాను. క్షమించమని అడగను. ఏం చేయాలో చెప్పు.

పెయ్-లిన్


మాగోంగ్
జూలై 5

పిల్లా,

ఏడుపు ఆపు. ఏడుస్తున్నావని నాకెలా తెలుసంటే, నీ ఉత్తరంలో మూడుచోట్ల సిరా ఉబ్బింది.

జరిగింది విను. సోమవారం పదకొండింటికి నేను దుకాణం ముందు బకెట్లో చేతులు పెట్టి పళ్ళు పిసుకుతున్నాను. వాన్-ఫూ నిచ్చెన మీద ఉన్నాడు, బనీనులో. వీధి మలుపులో డోలు వినబడింది. "ఎవరిదో పెళ్ళి" అన్నాడు ఆయన. "ఎవరిదో పాపం, ఈ ఎండలో" అన్నాను నేను. మలుపు తిరిగి వచ్చారు, నలభై మూడు మంది. ముందు పెద్దక్క.

"పెళ్ళికూతురేది?" అంది నాతోనే. ఆ అవతారంలో గుర్తుపట్టలేదు.

"నేనే వదినగారూ."

"ఆ చేతులేంటి?"

"కాక్టస్."

"ఆ నిచ్చెన మీద వాడెవడు?"

"మీ తమ్ముడు."

డోలు ఆగిపోయింది. నేను నెమ్మదిగా, పెళ్ళికి ఇంకా నెల రోజులుందని చెప్పాను. నలభై మూడు మంది ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ సంచిలోంచి పట్టిక తీసింది. నేను చూశాను. వాన్-ఫూ చూశాడు. గుర్తు లేదు. ఆవిడ మొహం చూసి ఉంటే నీకు జాలేసేది. డెబ్బై ఏడేళ్ళలో మొదటిసారి తప్పు చేసిందట, అదీ నలభై మూడు మంది ముందు. "నేను కత్తిరించేశాను" అంది, చిన్నపిల్లలా. "నెల మొత్తాన్ని కత్తిరించేశాను."

ఆ మొహం చూశాక వాన్-ఫూ నిచ్చెన దిగాడు. ఆయన గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను.

"అక్కా, నువ్వేం తప్పు చెయ్యలేదు. ఇవాళ ముందస్తు పెళ్ళి. బీటా. అసలుది వచ్చే నెల. ఇవాళ అందరూ చూసి తప్పులు చెప్పండి, ఆ లోపు దిద్దుకుంటాం."

"ముందస్తు పెళ్ళి కూడా ఉంటుందా?" అంది ఆవిడ.

"అన్నిటికీ ఉంటుంది."

ఆవిడ మళ్ళీ వేళ్ళు తీసింది. మామూలు ఆరో నెలలో ఒక సగం. అధికంలో ఒక సగం. మొహం విచ్చుకుంది. "ఇప్పుడు లెక్క ఇంకా గట్టిగా ఉంది. పైగా తాబేళ్ళు నెల ఆగవు" అంది.

చేసేసుకున్నాం పిల్లా. ఆ గులాబీ చేతులతోనే. నా జన్మలో అంత నవ్వలేదు. వాన్-ఫూ ఉంగరం ఎడమ చేతికి పెట్టబోయి కుడి చేతికి పెట్టాడు, ఇప్పటికీ ఊడి రావడం లేదు. నా గౌను జిప్పు పెద్దలకి పెళ్ళి టీ అందిస్తుంటే పిగిలింది. టీలో చక్కెర బదులు ఉప్పు పడింది. పెద్దక్క ఒక్కతే పూర్తిగా తాగింది, పట్టుదలకి. మైకులో మాటిమాటికీ రేవు బజారు నుంచి చేపల ధరలు వినబడ్డాయి. ఫొటోలు తీసినాయన నా వెనకున్న ఫ్రిజ్‌ని బాగా తీశాడు. పాస్‌వర్డు చక్కగా వచ్చింది, ముందు అది మార్చు. సాయంత్రం ఓడెక్కే ముందు అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే రాయించారు. అక్కడ రాసేది వాన్-ఫూ కదా, ఎంత మర్యాదగా రాశాడో. "గౌరవనీయురాలైన పెళ్ళికూతురికి వందనాలు. టీ ఉప్పగా ఉన్నది." మొత్తం ఇరవై రెండు తేలాయి.

నీ మీద కోపమా? నువ్వు ఆల్ఫా దాచావు. నేను పెళ్ళి దాచాను. నువ్వు చెప్పి ఉంటే నేను వాన్-ఫూని హెచ్చరించేదాన్ని. నేను చెప్పి ఉంటే నువ్వు ఆ అక్షరాన్ని ఉంచేదానివి. ఇద్దరికీ చెరో వాయింపు. నీది నీకు ఇచ్చేసుకున్నావు, నాది నేనిచ్చుకుంటాను.

నీ ఉత్తరం నిన్న అందింది. పెద్దక్కకి ఫోనులో చదివి వినిపించాను, వాన్-ఫూ ఫోనులో. పెట్టె మోసిన చోటికి వచ్చేసరికి ఆవిడ, "ఆగాగు" అంది. "ఆ సన్నటి అమ్మాయి? జడ వేసుకున్న అమ్మాయి? అది నీ మేనకోడలా? దాన్ని రేవులో వదిలేసి వచ్చామా!" తర్వాత, "కాగితం తియ్యమను మా వాణ్ణి, ఇంకోటుంది" అంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఎత్తి రాస్తున్నాను:

"ఇరవై మూడు. పెళ్ళికూతురి మేనకోడలు పెళ్ళిలో లేదు. ఇది పెద్ద తప్పు. ఇది దిద్దకుండా అసలు పెళ్ళి విడుదల చెయ్యకూడదు."

అత్త


తైనాన్
జూలై 12

అత్తా,

పాస్‌వర్డు మార్చాను. ఎక్కడా రాసుకోవద్దు.

మూడో వెర్షన్ బీటా ఇవాళ ఉదయం విడుదల చేశాను. ఈసారి ప్రకటనతో, ఏం మారిందో అన్నీ రాసి, కింద నా పేరు పెట్టి. "అధిక" అన్న అక్షరం తిరిగి పెట్టాను. గడి దాటి పొడుచుకొస్తోంది. చూడటానికి బాగాలేదు. ఉండనిచ్చాను. మధ్యాహ్నానికి పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. ఏడింటికి జవాబిచ్చాను. మామయ్య పెట్టినది చదివి మాత్రం చాలాసేపు నవ్వుకున్నాను. దానిలో అసలు తప్పే లేదు.

ఆఖరి వెర్షన్ జూలై ముప్పైన, మీ పెళ్ళి టీ అయ్యాక. ఇంకో నెల అడగటం లేదు.

మీ జాబితాలో ఉప్పు, జిప్పు, మైకు మీరు చూసుకోండి. ఇరవై మూడోది నా మీద వేసుకున్నాను. ఇరవై తొమ్మిదో తేదీ మొదటి ఓడకి, లుగాంగ్ పెళ్ళివాళ్ళతోపాటే, టికెట్టు కొన్నాను. పెద్దక్కగారికి చెప్పు, పెట్టె ఈసారి అవతలి ఒడ్డు దాకా నేనే మోస్తాను.

నువ్వు నన్ను కళ్ళారా చూసేదాకా ఆ ఇరవై మూడోదాన్ని దిద్దినట్టు రాయకు.

పెయ్-లిన్